మూత పక్కన చెప్పులు

మా అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగే రోజు ఇనుప మూత నేల మీద గీరుకుంటూ జరిగితే నాకు నర్సింలు మిస్త్రీ గుర్తొస్తాడు. చాయ్ తాగుతున్నా వదిలేసి కిందికి పోతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

రైల్వే షెడ్డులో బొగ్గింజన్లు విప్పి బిగించడంలోనే ఆయన వయసంతా గడిచింది. ఆ ఇంజన్లు మూలపడ్డాక, తొంభైలలో, పటాన్‌చెరులో మేం పనిచేసే మందుల ఫ్యాక్టరీకి బాయిలర్ ఫిట్టర్‌గా వచ్చాడు. కోపం ముక్కు మీదే ఉండేది. షెడ్డు నుంచి ఒక కట్టుబాటు వెంట తెచ్చుకున్నాడు. బాయిలర్ లోపలికి దిగేవాడు చెప్పులు మూత పక్కన విప్పి, పాదాలకు గోనెగుడ్డ చుట్టుకుని దిగాలి. పైకొచ్చాక తనే తొడుక్కోవాలి. వేరేవాళ్లు ముట్టకూడదు.

"ఏంది మిస్త్రీ, ఇది గుడా?" అని ఆటపట్టించేవాళ్లం.

"గుళ్లెకు పోయినోన్ని లోపలేసి మంట పెట్టరు గద" అనేవాడు, నవ్వకుండా.

ఒక ఎండాకాలం నేను లోపల పడుకుని, గోడలకు పేరుకున్న పెచ్చు గీకుతున్నాను. గాలాడక కళ్లు తిరిగాయి. తెలివొచ్చేసరికి మూత జరుపుతున్న చప్పుడు. వెలుతురు సన్నబడుతోంది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు, చేయి లేవలేదు. ఇంట్లో నెలల పిల్ల ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బయటి మాటలు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

"అందరూ డ్యూటీ దిగి వెళ్లిపోయారు. జల్దీ మూసెయ్, స్టీమ్ కావాలి" అంటున్నాడు మేనేజర్.

"చెప్పులున్నయి సార్." మిస్త్రీ గొంతు.

"తెగిపోయిన చెప్పులయ్యా. ఎవడో పారేసి పోయుంటాడు."

"తెగినా చెప్పులే. మనిషి రాంది నేను మూత బిగియ్య. నౌకరీ తీసేస్తె తియ్యుండ్రి."

కాసేపటికి ఆ కాస్త వెలుతురుకూ అడ్డంగా ఆయన భుజాలు దూరాయి. నా మడమ పట్టుకుని లాగాడు. బయట పడుకోబెట్టి ముఖాన నీళ్లు కొట్టాడు. నేను లేచి కూర్చోగానే, "ముందుగాల చెప్పులు తొడుక్కో" అన్నాడు. నేను తొడుక్కునేదాకా మూత బిగించే పానా చేతబట్టలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కూతురికి తండ్రిని మిగిల్చింది ఆయన మొండితనమే. ఆ మాట ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

మొన్న సంపులో దిగిన మనిషి చెప్పుల్లేకుండా వచ్చాడు. పని ఎప్పుడవుతుందా అని వాచ్‌మన్ మూత మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. నేను నా చెప్పులు విప్పి మూత పక్కన పెట్టాను. ఎండకు నేల కాలుతోంది. ఆ మనిషి తడి కాళ్లతో పైకొచ్చేదాకా నేను వాటిని తొడుక్కోలేదు.