రెండో డిస్కు

నేను మగ్గం పనికి డిజైన్లు గీస్తాను. నాంపల్లిలో మా కిరాయి ఇంట్లో కిటికీ పక్క బల్లే నా పని చోటు. గీసింది స్కాన్ చేసి, కాగితం మగ్గం వాళ్లకు ఇచ్చేస్తాను. వాళ్లు దానికి సూదితో చిల్లులు పొడిచి గుడ్డ మీద అచ్చు దించుకుంటారు. ఆ కాగితం మళ్లీ నా చేతికి రాదు. నాకు మిగిలేది కంప్యూటర్లోని బొమ్మే.

కిందటేడు ఒక పాత నెమలి బొమ్మను తెరిస్తే సగమే వచ్చింది. మెడ కింద అంతా బూడిదరంగు చారలు. వెతికితే అలాంటివి ఇంకా బయటపడ్డాయి. అవి ఎప్పుడు చెడ్డాయో తెలియదు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చెడిపోయిందని చెప్పని పెట్టెలోనా నా కష్టమంతా దాచుకున్నది?

ఏదో ఆఫీసు తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి చవకగా దొరికితే, డిజైన్లు దాచుకోవడానికి ఇంట్లోనే సర్వర్ పెట్టుకుందామనుకున్నాను. రోజులకు రోజులు చదివి డిస్కుల్లో ఫైళ్లను అమర్చిపెట్టే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం ఎంచుకున్నాను. రెండు డిస్కుల్లో ఒకే సరుకు ఉంచితే, ఒకదాంట్లో ఏ ముక్క చెడినా అది పసిగట్టి రెండోదాంట్లోంచి తెచ్చి అతుకుతుంది. అయితే మెమరీలోనే తప్పు దొర్లితే ఆ తప్పే డిస్కుకు ఎక్కుతుంది. అందుకని, తన తప్పు తానే దిద్దుకునే ఈసీసీ మెమరీ కావాలనుకున్నాను.

అబిడ్స్‌లో దుకాణానికి మా ఆయనతో వెళ్లాను. అడిగింది నేను. దుకాణదారు మాత్రం ఆయనకేసి చూసి, "ఇంట్ల పెట్టుకునేదానికి ఈసీసీ ఎందుకు సార్? మేడమ్ ఏదో వీడియో చూసి వచ్చినట్టున్నది" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు దుకాణదారు మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"అడిగేది నేను, కొనేది నేను. నా మొహం చూసి మాట్లాడున్రి" అన్నాను. అప్పుడు తీసి ఇచ్చాడు.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం సుల్తాన్ బజార్ నుంచి వచ్చేసరికి సర్వర్ మూత ఊడదీసి ఉంది. లోపల ఒకటే డిస్కు. మాతోనే ఉండే మా మరిది, రెండో డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించుకుని కూర్చున్నాడు.

"రెండిట్ల ఒక్కటే ఉంటదని నువ్వే చెప్పినవ్ గదా వదినా. ఒకటి వేస్టే గదా అని తీసిన. దోస్తు పెండ్లి వీడియోలు ఎక్కియ్యాలె. దీంట్ల ఏం కనబడలే, ఖాళీగున్నదని ఫార్మాట్ కొట్టిన."

జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కును వాడి మామూలు ల్యాప్‌టాప్ చదవలేదు.

"నన్ను అడగాలనిపించలే?"

"నువ్వు ఇంట్ల లేవు గదా."

"ఫోన్ లేదా?"

డిస్కు ఇమ్మంటే, "వీడియోలు దోస్తుకిచ్చినంక ఇస్త వదినా" అన్నాడు. నేనే వైరు పీకి తెచ్చుకున్నాను.

దాన్ని మళ్లీ బిగించి, మొదటి డిస్కులోంచి అంతా తిరిగి నింపడం మొదలుపెట్టాను. అది నిండేదాకా, ఆ మొదటిది మొరాయిస్తే నా డిజైన్లన్నీ గంగలో కలిసినట్టే. పొయ్యి ముట్టించలేదు. కదలకుండా తెర ముందే కూర్చున్నాను. ఒక్క తప్పూ లేకుండా పూర్తయింది.

పని నుంచి వచ్చిన మా ఆయన సంగతి విని, "ఉన్నయా, పోయినయా?" అన్నాడు.

"ఉన్నయ్."

"మరి ఇగ లొల్లి ఎందుకు?"

"నేను సక్కగ చదివి, సక్కగ కొన్న గనుక ఉన్నయ్. నీ తమ్ముడు ఏ డిస్కు తీసినా ఉంటుండె. గది నా తెలివి, నీ తమ్ముని మంచితనం గాదు. నీకు గా ఫరక్ ఎన్నడన్న తెలుస్తదా?"

మా ఆయన బయటి నుంచి ఇడ్లీలు తెచ్చాడు. మరిది తల వంచుకుని తిన్నాడు. నేను ముట్టలేదు.

మర్నాడు సర్వర్ మూతకు తాళం బిగిస్తుంటే, "ఇంట్లోళ్లకు తాళం ఏస్తరా ఎవరన్న?" అని మా ఆయన అడిగాడు.

వేశాను.