లాంచీ మీద తెల్లగీత

మా మేనత్త పోయిందని మిర్యాలగూడ నుంచి కబురు వచ్చిన పొద్దున నేను కోదాడలో మా వాకిట్లో చింతపండు ఎండబెడుతున్నాను. నిద్రలోనే వెళ్లిపోయిందట. ఒక్క పూటైనా ఎవరిచేతా మంచం మీద నీళ్లు తాగించుకోలేదు. బస్సెక్కి వెళ్లి చివరి చూపు చూసుకున్నాను. అక్కడ పక్కన కూర్చున్న ఓ చుట్టం అంది: "పాపం, పెంచిన బిడ్డ పెళ్లి గూడ కండ్లార సూడలే. మొగడు లేని మనిషాయె, తాళి కట్టేకాడ ఉండొద్దని తనే ఎనకాగింది."

ఆ పెంచిన బిడ్డను నేనే. ఆ మాట అబద్ధం. ఏడుపు అడ్డొచ్చి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను.

మాది వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే మేనత్త నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. మా మామ రేవు నడిపేవాడు, తెడ్ల పడవ మీద జనాన్ని అవతలి గుంటూరు సీమకు దాటించేవాడు. ఓ వానాకాలం, వద్దంటున్నా వినకుండా జనం ఎక్కేశారు. బరువాగక పడవ నడి ఏట్లో మునిగింది. చాలామంది ఈది బయటపడ్డారు. మామ రాలేదు. రేవు వదిలేయమని మా నాన్న ఎంతో చెప్పాడు. "ఏరు నా ఇల్లు ముంచిందని ఊరోళ్లు దాటుడు మానుకుంటరా అన్నా? ఎవరో ఒకరు దాటియ్యాలె గద. జర బుద్ధితోని దాటిస్త," అంది మేనత్త. అప్పటి నుంచీ రేవు ఆమెదే అయింది.

ఆమె బిందె ఎప్పుడూ అంచుదాకా ముంచేది కాదు. "ఒలికిపోయే నీళ్లకు మోత దేనికి?" అనేది. సూర్యాపేట అంగడికి వెళ్లి ఎడ్లు కొన్నా అంతే. అందరూ కొమ్ములు చూసి, పళ్లు లెక్కబెట్టి, మూపురం నిమిరి మురిసిపోతుంటే ఆమె మాత్రం నిండు బండి కట్టించి మిట్ట మీదికి తోలించేది. "నిలబడ్డ ఎద్దు ప్రతిదీ బలంగనే కనబడ్తది," అనేది. అంగడిలో దళారులు ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేవారని నాన్న ఎగతాళి చేసేవాడు.

రజాకార్ల గొడవలు సద్దుమణిగి, రేవుకు జనం మళ్లీ వస్తున్న రోజులు. బెజవాడ వైపు ఓ పాత లాంచీ అమ్మకానికి ఉందని నాన్నే బేరం తెచ్చాడు. ఏరు పొంగితే తెడ్ల పడవ రోజుల తరబడి కట్టేసి ఉండేది. జ్వరంతో ఉన్నవాళ్లు, పురిటికి పోవాల్సినవాళ్లు ఒడ్డునే కూర్చునేవారు. అందుకని లాంచీ వచ్చిన రోజు ఊరంతా రేవులోనే ఉంది. అమ్మే ఆయన ఖాళీ లాంచీని నీటివాలుకు ఓ చుట్టు తిప్పి తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నాన్న కొబ్బరికాయ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పది గుర్రాల ఇంజనమ్మా ఇది. గాలిలా పోద్ది," అన్నాడు ఆయన.

"కొన్ననాడు పది గుర్రాలు తమ్మీ. గిప్పుడు ఎన్ని బతికున్నయో సూద్దాం," అంది మేనత్త. ఆయన కూడా నవ్వాడు.

బరువేసి ఏటికి ఎదురు నడపాలని ఆమె అంది. జనం అంతా ఉబలాటపడుతున్నారు, వాళ్లనే ఎక్కిద్దామన్నాడు నాన్న. "వడ్ల బస్తాలెక్కియ్యి అన్నా. బస్తా మునిగితే గింజలు పోతయ్. మనిషి మునిగితే ఏం పోతదో నన్నడుగు." నాన్న బస్తాలు తెప్పించాడు.

మా రేవుకు కాస్త ఎగువన ఒడ్డునే ఒక నల్లబండ ఉంది. మూసీ నీళ్లు వచ్చి తోసేది అక్కడే. అవతలికి దాటాలంటే ఆ బండ దాటాకే పడవను మళ్లించాలి. బస్తాలతో నిండిన లాంచీలో మేనత్త కూడా ఎక్కింది. ఇంజను పిడిని పూర్తిగా లాగారు. నల్లటి పొగ, చెవులు పగిలే మోత, వెనకాల నురగ. లాంచీ మాత్రం బండ పక్కనే కట్టేసినట్టు ఉండిపోయింది. ఒడ్డున నేను ఆమె మీద నుంచి చూపు తిప్పలేదు. మామ పోయింది ఆ ఏట్లోనే.

తిరిగొచ్చాక అమ్మే ఆయన ముఖం చిన్నబోయింది. "కాలవల్లో తిరిగిన లాంచీ అమ్మా. కాలవ నీళ్లు ఇట్టా ఎదురు తోయవు. మీ ఏటి సంగతి నిజంగా నాకు తెలవదు."

"నువ్వు దాసినవని నేననలే."

"ఇగ వద్దందాం," అన్నాడు నాన్న, కొబ్బరికాయ కింద పెట్టేస్తూ.

"వద్దని ఎవరన్నరు? కొన్ని బస్తాలు దించున్రి."

దించుతూ, నడుపుతూ పొద్దు వాలిపోయింది. జనం విసుగెత్తి ఇళ్లకు పోయారు. చివరికి పిడి సగమే లాగినా లాంచీ నల్లబండను దాటింది. అప్పుడు ఆగమంది. "సగం బలం ఎప్పుడు చేతిల ఉండాలె. ఏరు ఏ ఘడియల ఏమడుగుతదో." నీళ్లు పక్కచెక్కకు ఎక్కడ తాకుతున్నాయో అక్కడ చుట్టూ తెల్లరంగుతో గీత గీయించింది. గీత మునిగితే లాంచీ కదలదు, ఇంజను నడపడానికి పెట్టుకున్న మనిషికి అదే షరతు.

"ఇంత పడవ కొని సగం ఖాళీగ తిప్పుతవా?" అన్నాడు నాన్న.

"ఇంజన్ల బలం తక్కువ లేదన్నా. మన ఆశనే జర ఎక్కువుంది."

ఆ గీతకు చిన్నాపెద్దా లేదు. ఓసారి పోలీసు అమీన్‌సాబ్ పెట్టెలన్నీ వేసుకుని ఎక్కితే గీత మునిగింది. "పెట్టెలన్న దించున్రి, మీరన్న దిగున్రి సాబ్. ఏటికి మీ టోపీ తెల్వది," అంది. ఆయన గొణుక్కుంటూనే పెట్టె మీద కూర్చుని, లాంచీ తిరిగొచ్చే రెండో తాప దాకా ఆగాడు. ఆమె నడిపినన్నాళ్లూ ఆ లాంచీలో ఎక్కిన మనిషి ఎవరూ ఏటిపాలు కాలేదు. ఈ మాట ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను.

ఇక నా పెళ్లి. అబ్బాయిది ఏటి అవతలి ఊరు. మగపెళ్లివారి ఇంట్లోనే పెళ్లి చేయడం మా వాళ్ల పద్ధతి. ఏరు నిండుగా ఉంది, ముహూర్తం దగ్గరపడుతోంది. చుట్టాలు, డప్పులవాళ్లు, సారె సామాను అంతా ఎక్కాక చూస్తే గీత నీళ్లలో ఉంది. మేనత్త సామానంతా దింపించింది. గీత ఇంకా తేలలేదు. లాంచీలో ఒకసారి అందరినీ చూసింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, పెళ్లికి లేకపోతే కుదరని డప్పులవాళ్లు. ఎవరినీ దిగమనలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని తనే ఒడ్డు మీదికి దిగింది. తెల్లగీత పైకి వచ్చింది.

"నువ్వు లేకుంటే ఎట్లత్తా?" అని ఏడ్చాను.

"రెండో తాపకు వస్త బిడ్డా. ముహూర్తం నా కోసం ఆగదు, ఏరు నీ కోసం ఆగదు. పో."

ఆమె వచ్చేసరికి నా మెడలో తాళి కట్టడం అయిపోయింది. నా జడలో ఇరుక్కున్న తలంబ్రాల బియ్యం ఏరి కొంగున ముడివేసుకుంది. ఎవరో వెనక నిలబడమంటే నిలబడిన మనిషి కాదు ఆమె. నన్ను క్షేమంగా దాటించడానికి దిగిన మనిషి.

ఆ రోజు లాంచీ కదులుతుంటే నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె నన్ను చూడలేదు. ఒడ్డు వెంబడే నడుస్తూ, వంగి వంగి గీతనే చూస్తోంది. డప్పుల మోతలో ఇంజను చప్పుడు వినబడడం లేదు. లాంచీ నల్లబండ పక్కకు వచ్చింది, ఆగకుండా దాటింది. అప్పుడు మేనత్త నడుము నిటారుగా చేసి నిలబడి, నా ముఖం వైపు చూసి చేయెత్తింది.