మేడ మీద చేపల పెట్టెలు

శ్రీకాకుళంలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. కింద ఆవిడ, పైన మేము. మా ఆయనది చేపల వ్యాపారం. భావనపాడు రేవు నుంచి సరుకు తెప్పించి టౌన్లో అమ్ముతాడు. ఆ సంగతి తెలిసే ఆవిడ ఇల్లిచ్చింది. నేను ఆవిడని పిన్నీ అని పిలిచేదాన్ని, ఆవిడ కూతురు నన్ను అక్కా అనేది.

డాబా మీద నాలుగు కూరమొక్కలు పెంచాలని నా ఆశ. ముందు మట్టి కుండీలు తెచ్చాను. మూడో రోజే ఆవిడ పైకొచ్చింది.

"ఇదేటమ్మా, సెమ్మంతా శ్లాబులోకి దిగిపోతంది. తీసీ."

తడి మరక నిజంగానే ఉంది. ఆ ఒక్క మాటలో ఆవిడ తప్పు లేదు. వాటిని తీసేసి, కింద పళ్ళెం ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుండీలు కొన్నాను. వీధిలోంచి చూస్తే హోటల్‌నాగ ఉన్నాదని ఆవిడ అవీ తీయించింది. ఇంట్లోకైతే తెల్ల పింగాణీ కుండీ తెచ్చుకో, మర్యాదగా ఉంటాదని సలహా కూడా ఇచ్చింది. తెచ్చాను. దానికి అడుగున చిల్లు లేదు. నీళ్ళు పోయే దారి లేక అందులో పెట్టిన మనీప్లాంటు వేళ్ళు కుళ్ళి వాసనొచ్చింది. ఆవిడ మా గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది.

"సేపలోల్లింట్లో ఆ కంపు కాక ఏటొస్తాది?"

ఆవిడతో పైకొచ్చిన ఎదురింటావిడ నవ్వింది. ఇది కుండీల గొడవ కాదని నాకప్పుడు అర్థమైంది.

మర్నాడే మా ఆయన చేత థర్మాకోల్ పెట్టెలు తెప్పించాను, ఐసు వేసి చేపలు సర్దేవి. బ్లీచింగు నీళ్ళతో కడిగి వారం రోజులు ఎండబెట్టాను. మేకు కాల్చి అడుగున చిల్లులు పెట్టాను. ఇటుకల మీద ఎత్తుగా నిలిపి మట్టి, కొబ్బరి పొట్టు, పశువుల పెంట కలిపి నింపాను. శ్లాబుకి బరువుండదు, కింద గాలాడుతుంది, వేళ్ళకి వేడి తగలదు. అంతకంటే మంచి కుండీ ఏ దుకాణంలోనూ నాకు కనబడలేదు. మిరప, వంగ వేశాను.

నారు నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఆవిడ రెండు పెట్టెల్ని పిట్టగోడ మీంచి కిందకి తోసేసింది. చప్పుడు విని పరిగెత్తాను. పిన్నీ అన్న పిలుపు నోటికి రాలేదు.

"నా మొక్కలు నీకేటి సేసినాయి?"

"నా ఇల్లు, నా డాబా. ఆ కంపు నాకొద్దు."

"కంపేదీ? వొంగి సూడు. ఉంటే సెప్పు."

"సూసేదేటి? సేపల పెట్టి సేపల పెట్టే."

ఆ రోజు దాకా ఒక్క చుక్క చేపల నీళ్ళు డాబా ఎక్కించలేదు. మర్నాటి నుంచి చేపలు కడిగిన నీళ్ళు రోజూ పోశాను. మొక్కలకి అది బలమే. కానీ నేను పోసింది మొక్కల కోసం కాదు. ఆవిడ కూతురి పెళ్ళిచూపులకి మనుషులొచ్చిన పొద్దున రెండు బిందెలు పోశాను. వచ్చినవాళ్ళు కాఫీ సగంలో వదిలేసి లేచారు.

"నెలాఖరుకి ఖాళీ సెయ్యి," అంది ఆవిడ, మెట్ల మీదే.

"నీ కింద పడుండడానికి నాకేటి ఖర్మ? రేపే పోతాను."

అన్నట్టే పోయాం. చేపల వ్యానులోనే పెట్టెలన్నీ ఎక్కించాం. కొత్తింట్లో మిరప విరగకాసింది.

ఆర్నెల్ల తర్వాత రైతుబజారులో ఆ తల్లీ కూతుళ్ళు ఎదురయ్యారు. "మొక్కలెలగున్నాయమ్మా?" అంది ఆవిడ, ఏమీ జరగనట్టు. మొహం తిప్పుకున్నాను. తిప్పుకున్నందుకు బాధా లేదు. కానీ పక్కన సంచి పట్టుకున్న ఆ పిల్ల, ఎప్పటిలాగే, "బావున్నావా అక్కా?" అని నవ్వింది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక ఆటో ఎక్కేశాను.