అనుభవం: లేదు

గల్ఫ్‌లో, లుసైల్ అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టు కంపెనీలో నాది కాగితాలు చూసే ఉద్యోగం. నేను నంబరు వెయ్యని కాగితం మా ఆఫీసులో లేనట్టే లెక్క. ఆ నంబర్లు వేసే చేత్తోనే ఒక మనిషి ఎనిమిదేళ్ళ పనిని కొట్టేశాను.

ఆయనది జగిత్యాల వైపు పల్లె. రాడ్లు కట్టే పనిలో హెల్పర్‌గా చేరి ఫోర్‌మన్ దాకా ఎదిగాడు. సెలవు కాబట్టి శుక్రవారాలు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేం కొందరం కలిసుండే విల్లాకి వచ్చి, మా గోదావరి వంటని వెక్కిరించి, తనే గరిటె అందుకునేవాడు. "తమ్మీ, గిది పులుసా, బెల్లం పాకమా?" అనేవాడు. ఆ పిలుపు నాకు ఇష్టం.

ఆయన పనిచేసిన కంపెనీ వేరే దేశానిది. దాని అసలు యజమాని ఆ దేశపు సైన్యమని మాకెవరికీ తెలీదు. మాకు తెలిసిందల్లా అది వంతెనలు కడుతుందనే. ఇంతలో ఇంకో పెద్ద దేశం చట్టం చేసింది. పరాయి సైన్యం చేతిలో ఉన్న కంపెనీలతో లావాదేవీలు పెట్టుకునేవాళ్ళకి తమ పనులు ఇవ్వబోమంది. దాంతో ఇక్కడ పనులు ఆగిపోయి ఆ కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. పోతూ పోతూ ఆయనకొక అనుభవ పత్రం ఇచ్చింది. చెమటకి పాడవుతుందని దానికి లామినేషన్ చేయించి, చొక్కా లోపల దాచుకుని నా దగ్గరికొచ్చాడు. అప్పుడు మా దగ్గర ఫోర్‌మన్ ఖాళీ ఉంది.

మా మేనేజరు దాని మీది ముద్ర చూసి, ముట్టుకోకుండానే వద్దన్నాడు. మాకు పని ఇచ్చేవాళ్ళు ఆ చట్టం చేసిన దేశం వాళ్ళే.

"ఈ పేరు మన ఫైళ్ళలో కనపడకూడదు. మనిషి కావాలంటే అనుభవం లేదని రాయించి హెల్పర్‌గా తీసుకో" అన్నాడు.

ఆ చట్టం నేను ముందే చదివాను. అందులో ఉన్నదంతా కంపెనీల గురించి, సరుకుల గురించి. వాటిలో కూలి చేసినవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఆ మాట మేనేజరుతో అనొచ్చు. ఎందుకొచ్చిన గొడవ అని నోరు మెదపలేదు. పిరికితనానికి మర్యాదైన పేరు అది.

బయటికొచ్చి చెబితే ఆయన ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేం ఫౌజుల జేసినమా తమ్మీ? రాడ్లు కట్టినం గదా!"

"చట్టం అలా ఉందన్నా" అన్నాను. పచ్చి అబద్ధం.

"గిప్పుడు నేనేం జెయ్యాలె మరి?"

"ముందు హెల్పర్‌గా చేరిపోండి. తర్వాత నేను చూస్తానుగా."

ఆయన దరఖాస్తులో 'అనుభవం: లేదు' అని టైపు చేసింది నేనే. ఆయన తెలుగులో సంతకం పెట్టాడు. నంబరు వేసి ఫైల్లో పెట్టాను. శుక్రవారాలు రావడం మెల్లగా మానేశాడు.

మూడు నెలలకి పని ఇచ్చేవాళ్ళ నుంచే లేఖ వచ్చింది. అలాంటి కంపెనీల్లో ఇదివరకు పనిచేసినవాళ్ళకి ఈ చట్టం వర్తించదు, నిరభ్యంతరంగా తీసుకోవచ్చని. పరుగున వెళ్ళి మేనేజరు ముందు పెట్టాను. ఆయన నా ఫైలే తీసి నాకే చూపించాడు.

"అనుభవం లేదని అతనే సంతకం పెట్టాడు. ఇప్పుడు ఉందంటే, అబద్ధమాడి చేరినట్టు. పంపించెయ్యమంటావా?"

ఫైలు తీసుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం లేఖ సంగతి చెబుదామని సైటుకి వెళ్ళాను. కొత్త ఫోర్‌మన్, నా ఈడువాడు, "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ అరుస్తున్నాడు. మా జగిత్యాల అన్న భుజాన రాడ్లు మోస్తున్నాడు. ఒకచోట రాడ్ల మధ్య ఎడం ఎక్కువైంది. ఆయన ఆగి, దాన్ని చూసి, ఏమీ అనకుండా ముందుకి నడిచాడు. అప్పుడు నన్ను చూశాడు. బరువుతోనే పక్కకి జరిగి నాకు దారిచ్చాడు.

"నమస్తే సార్" అన్నాడు.

నమస్తే అనేసి నడిచాను. లేఖ సంగతి ఆయనకి ఈ రోజుకీ తెలీదు.