సదయ్య మొక్కని రోజు

మా క్వార్టర్ల వరుసలో సదయ్యంత మొండివాడు ఇంకొకడు లేడు. గని ముందున్న మైసమ్మకు దండం పెట్టకుండా మాలో ఎవ్వరూ లోపలికి దిగరు. పెద్ద పెద్ద మాటలు చెప్పే యూనియన్ నాయకులు కూడా పెడతారు. ఈయన మాత్రం మూడేళ్లుగా తల వంచడు. నమ్మకం పోయిందంటాడు, అంతే. అందుకే డ్యూటీలో ఎవరూ ఆయన పక్కన నడవరు, కలిసి తినరు. నేనూ నడవను. నాకూ పెళ్లాం పిల్లలున్నారు.

దేవతను వదిలాడు గానీ భయం ఆయన్ని వదల్లేదు. ఎందుకో, పక్క క్వార్టర్ వాణ్నని నాకొక్కడికే చెప్పాడు. పదకొండేళ్ల కింద ఒకరోజు షిఫ్టుకు ఆలస్యమై, హాజరు పోతుందని ఉరుకుతూ మైసమ్మకు మొక్కడం మరిచిపోయాడట. ఆ రోజే గనిలో పైకప్పు బండ కూలి, ఆయన జోడీదారు పోశం చనిపోయాడు. సదయ్యకు గీత కూడా పడలేదు. తర్వాత ఎనిమిదేళ్లు ఏటా మేకను కోశాడు. చివరికి, తన తప్పుకు పోశాన్ని చంపే తల్లికి మొక్కేదేమిటని మానేశాడు. అయినా లోపల చిన్న చప్పుడైతే చాలు, మళ్లీ తనవల్లే ఎవరో పోతారని వణికేవాడు. అమ్మవారు లేదంటూనే ఆమె కోపానికి భయపడే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

పోశం భార్యకు చెప్పేసుకొమ్మని నేనే తిట్టాను. మొన్న ఆదివారం ఇద్దరం రామకృష్ణాపూర్‌లో ఆమె ఇంటికి వెళ్లాం. సారవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సదయ్య గడప దగ్గరే కూర్చున్నాడు.

"అక్కా, ఆ దినం నేను మైసమ్మకు మొక్కలే. గందుకే గట్లయిందని ఇన్నేండ్ల సంది నాకు నిద్ర లేదు."

సారవ్వ చేతులు ఆగాయి.

"మా ఆయన మొక్కిండు గద, సదయ్యా," అంది. "ఏ దినం మొక్కకుంట దిగిండు?"

మళ్లీ కాయలు అందుకుంది. తినిపొమ్మంది గానీ సదయ్య తినలేదు.

మా గోదావరిఖని బస్టాండుకు తిరిగొచ్చాం. బస్సు దిగాక సదయ్య అక్కడి సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్లు పోశం యాదికొస్తే భయమైతుండె," అన్నాడు. "ఇప్పుడు భయం లేదన్నా. వట్టి పోశమే యాదికొస్తుండు."

స్నేహితుడి కోసం సదయ్య ఏడవడం నేను చూసింది అప్పుడే.