పొట్టుతో పరిచిన నది

మొన్న మా జాగ్రఫీ మేష్ట్రు పోయారు. చూసొచ్చి నేను ఏడుస్తూ కూర్చుంటే, మా అవ్వ ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. పీనుగను చూసి జడుసుకున్నానట. వాన లేక బీడుపడిన చేను తలుచుకుని ఏడుస్తున్నాననుకుని నాన్న ఓదార్చాడు. డిగ్రీ చదివిన పిల్ల ఒక బడి మేష్ట్రు కోసం అన్నం మానుతుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆయన దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. అందులో ఉన్నది టోక్యో పక్కనున్న ఒక చిన్న నగరం. జనం పొద్దున్నే రైలెక్కి టోక్యోకు పనికి పోయి, పొద్దుగూకినాక తిరిగొచ్చే ఊరు. ఊరి నడుమ నది, గట్టు మీద చెర్రీ చెట్లు, గుట్ట మీద పాత గుడి, స్టేషన్ వెనుక బేరిపండ్ల తోటలు. మేష్ట్రు ఆ వీధుల్లో పుట్టి పెరిగినట్టే చెప్పేవారు. మా పక్కనున్న తుమకూరు దాటి ఎరగని మనిషి.

నేను బడిలో ఉండగా, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు మమ్మల్ని ఎండిన చెరువులోకి తీసుకుపోయారు. మిల్లు దగ్గర పారబోసిన శెనిక్కాయ పొట్టు గంపలతో మోయించి ఆ నగరాన్ని నేల మీద పరిపించారు. పొట్టుతో నది, కంపపుల్లలతో రైలుదారి, గులకరాళ్ళతో గుడి.

"ఇన్ని నీళ్ళు యాడివి సార్?" అని ఒకడు అడిగాడు.

"ఆడి వాన ఈడి దాని మాదిరి అలగదులేప్పా" అన్నారు.

మరునాడు చూస్తే ఆ నదికి పసుపు కుంకుమ పెట్టి ఉంది. వాన కోసం మేష్ట్రు ఏదో పూజకు ముగ్గుపట్టు వేయించారనుకుని, ఊరి ఆడవాళ్ళు తలా చెంబెడు నీళ్ళు పోశారట. బోరింగు దగ్గర బిందె నీళ్ళకు జుట్లు పట్టుకునేవాళ్ళే. అది పాఠమని చెప్పేద్దాం సార్ అన్నాను. ఆయన ఆ తడి వైపే చూస్తూ నిలబడ్డారు.

"వద్దులేమ్మా. పోసినారు కదా."

వాన రాలేదు. పొట్టు గాలికి పోయింది. ఆ నగరం గురించి ఆయన మళ్ళీ క్లాసులో ఎత్తలేదు.

ఈ వేసవిలో నాకు బెంగళూరులో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చింది. వాన పడనీ, విత్తనం వేసినాక చూద్దామని నాన్న అన్నాడు. ఆ మాట మేష్ట్రుకు చెప్పాను.

"నేను చెప్పుకుంటానే ఉండిపోతిని. నువ్వన్నా పొయ్యి చూడమ్మా, యా ఊరైనా సరే."

నిన్న ఆ చెరువు పక్కనే ఆయన్ను మన్ను చేశారు. ఆడవాళ్ళు తలా చెంబెడు నీళ్ళు తెచ్చి ఆ మట్టి మీద పోశారు. చూస్తుండగానే ఇంకిపోయి, మట్టి మళ్ళీ తెల్లబడింది.

వాన కోసం నేను ఆగను. సోమవారం పొద్దున బస్సుకు బెంగళూరు పోతున్నాను.