మార్పించింది స్టిక్కరు ఒక్కటే

ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్ళయింది. మింగుడుపడదు. బయటికి రాదు. దాన్ని అలాగే పెట్టుకుని అన్నం వండాను, వడ్డించాను, పండగలు చేశాను, నలుగురికీ నీతులు చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి వరకే. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. చేతలో తప్పుని సర్దుకోమని మాత్రం అడగను.

నా కోడల్ని నేను మోసం చేశాను. ఆమెకి ఈనాటికీ తెలియదు.

మాది రాజమండ్రికి బస్సులో గంట ప్రయాణం ఉండే ఊరు. మా ఆయన పోయాక ఇంటి పెత్తనం నా చేతికొచ్చింది. మా అబ్బాయికి కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. వారానికోసారి వచ్చి వెళ్ళేవాడు. ఇంట్లో నేను, కోడలు, చిన్నపిల్ల మనవరాలు. కోడలు పెళ్ళికి ముందే డీటీపీ నేర్చుకుంది. అంటే కంప్యూటరులో తెలుగు టైపు చేసి, పేజీలు కూర్చి, అచ్చుకి ఇచ్చే పని. మా వీధి గదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు చేసేది. వచ్చిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టేది. నేను అడగలేదు. తనే ఇచ్చేది. ఈ సంగతి ముందే రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే దాచెయ్యాలనిపిస్తుందేమో.

నేను పొదుపు మనిషిని. గ్యాసు పొయ్యి ఉన్నా స్నానాలకి నీళ్ళు కొబ్బరి డొక్కల మీదే కాచేదాన్ని. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి దాచేదాన్ని. ఇది చెడ్డ గుణమని నేను ఇప్పటికీ అనుకోను. కానీ మంచి గుణాన్ని అడ్డం పెట్టుకుని చెడ్డ పని చేస్తే ఎవరూ గుర్తుపట్టరు. చేసిన మనిషి కూడా చాలాకాలం గుర్తుపట్టదు.

కంప్యూటరు నెమ్మదించిందని కోడలు అంటూ ఉండేది. ఫోటో ఉన్న పని పెడితే తెర మీద ఇసుక గడియారం బొమ్మ వచ్చి కూర్చునేది. ఈలోపు తను కూరగాయలు తరుక్కుని వచ్చేది. ఒకనాడు నెమ్మదిగా అడిగింది. లోపల ప్రాసెసరు అనే ముక్క ఒకటి ఉంటుందట, అది మారిస్తే చాలట, కంప్యూటరు అంతా మార్చక్కర్లేదట. తను తెచ్చిచ్చిన డబ్బులోంచే ఇవ్వమంది. ధర విన్నాను. మా పొలం మీద ఒక పంటకొచ్చే కౌలులో సగం. ముక్క ఎంత ఉంటుందని అడిగితే బిస్కత్తంత అని చేత్తో చూపించింది. బంగారమైనా తూకం వేసి ఇస్తారు కదా అనుకున్నాను. "సరే, చూద్దాంలే" అన్నాను. ఆమె దాన్ని ఒప్పుకోవడమే అనుకుంది.

చెల్లెలి నిశ్చితార్థానికని కోడలు పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. వచ్చేలోగా మార్పించి ఉంచమని అడిగింది. నేను మెకానిక్కుని పిలిపించాను. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. బజారులో మాకున్న గదిలోనే అద్దెకి షాపు నడిపేవాడు. కంప్యూటరు మూత విప్పి చూసేవాడు ఆ రోజుల్లో మా ఊళ్ళో అతనొక్కడే. ఆ పగలు మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇది మారిస్తే లాభం మాకా, నీకా?" అని అడిగాను.

"నాకూ లాభమేనండి, లేదని ఎందుకంటాను," అని నవ్వాడు. "కానీ చేసే పనిని బట్టండి మామ్మగారూ. ఉత్త టైపింగుకైతే పెద్ద తేడా తెలీదండి. ఫోటోల పనైతే మాత్రం ఈ పాతది లాగలేదండి. మారిస్తే పెట్టిన డబ్బు ఊరికే పోదండి."

"శుభలేఖలో ఫోటో ఎందుకయ్యా? వినాయకుడి బొమ్మ చాలదూ?"

"ఇప్పుడు పెళ్ళికొడుకు ఫోటో లేకపోతే ఊరుకోవట్లేదండి. వినాయకుడికే చోటు తగ్గిపోయిందండి."

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని అన్నాను. "సరే, ఓ పని చెయ్యి. మూత విప్పు, దుమ్ము దులుపు, మళ్ళీ బిగించెయ్. అమ్మాయొస్తే మార్చానని చెప్పు."

అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. "అదేంటండి? తప్పు కదండీ."

"తేడా తెలీదన్నావుగా? తెలీనిదానికి డబ్బెందుకు తగలెయ్యడం?"

"టైపింగుకి అన్నానండి నేను."

"నేనూ టైపింగుకే అంటున్నా."

"అమ్మాయిగారు కనిపెట్టేస్తేనోనండి?"

"కనిపెడితే అప్పుడే మార్పిద్దాం. కనిపెట్టలేదంటే అక్కర్లేదనేగా?" అని, ఇంకొక్క మాట కూడా అన్నాను. "అవునూ, నీ షాపు గది అద్దె పెంచి ఎన్నాళ్ళయిందో గుర్తుందా?"

అతను మూత విప్పాడు. దుమ్ము దులిపాడు. అక్కర్లేని ఫైళ్ళేవో తీసేశాడు. వెళ్ళబోతుంటే ఆపాను. పెట్టె ముందువైపు చిన్న స్టిక్కరు ఉంటుంది, లోపల ఏ ప్రాసెసరు ఉందో చెప్పేది. పాతది గీకేసి కొత్త రకం స్టిక్కరు అంటించమన్నాను. ఆ ఆలోచన అతనిది కాదు. నాదే. నాలుగో తరగతి చదివినదానికి అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

కోడలు వచ్చింది. బట్టలైనా మార్చుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. "అబ్బ, ఎంత తేడానో అత్తయ్యగారండి! తెరుచుకోవడమే వేరేగా ఉంది!" అంది. లేచి వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

నేను లోలోపల నవ్వుకున్నాను. రాయడానికి చెయ్యి ఆడటం లేదు, కానీ నవ్వుకున్నాను. చూశావా, ఉత్త భ్రమ, ఎంత డబ్బు మిగిల్చానో అనుకున్నాను.

అప్పుడే చెప్పేసి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళమేమో. ఒక రోజు అలిగేదేమో. కానీ ఆమె వీధంతా చెప్పింది. మా అత్తయ్యగారు కొనిచ్చారు, మా అత్తయ్యగారిలాంటి వాళ్ళు ఉండరు అని. ఒక్కొక్కరు వచ్చి నన్ను మెచ్చుకుని వెళ్ళేవారు. ప్రతి మెప్పూ బయటినుంచి గడియ పెట్టినట్టే ఉండేది. నవ్వు ముఖంతో లోపలే కూర్చున్నాను.

ఆ ధైర్యంతోనే కోడలు పెద్ద పని ఒప్పుకుంది. ఒక కాలేజీ వాళ్ళ వార్షికోత్సవ సంచిక. నిండా ఫోటోలు. చదువుకునే పిల్లలందరివీ, మేష్టర్లవీ. ఇది బాగా చేస్తే ప్రతి ఏడూ తనకే ఇస్తామన్నారట. రాజమండ్రిలో చిన్న గది తీసుకుని ఇద్దరు అమ్మాయిలని పెట్టుకుని నడుపుతానని, అక్కడికి బడి కూడా దగ్గరేనని, పిల్లకి జడ వేస్తూ నాతో చెప్పింది. ఆమె అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పని మొదలైంది. నాలుగు ఫోటోలు పెట్టేసరికి తెర బిగుసుకుపోయేది. ఆర్పి మళ్ళీ వెలిగించేది. కూర్చిన పేజీ పోయేది. మళ్ళీ కూర్చేది. అన్నం పళ్ళెం పక్కనే ఎండిపోయేది. నేను గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. ఒక్క మాట. ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

ఒకసారి షాపుకి వెళ్ళి మెకానిక్కుని అడిగాను, గుట్టుగా ఇప్పుడు మార్చేస్తావా అని. రాజమండ్రి నుంచి తెచ్చి గంటలో మార్చేస్తానన్నాడు. కానీ అమ్మాయిగారి ఎదుటే విప్పాలండి, పాతది చూస్తారండి, నేను అబద్ధం చెప్పనండి ఈసారి అన్నాడు. కోడలు ఆ కుర్చీ వదిలి కదిలితేగా? వెనక్కి వచ్చేశాను. ఆమె పని దక్కాలో నా పరువు దక్కాలో ఎంచుకోమంటే నేను ఏది ఎంచుకున్నానో చూశారా?

చెప్పిన తేదీకి సంచిక కాలేదు. కాలేజీ వాళ్ళు కాగితాలూ ఫోటోలూ వెనక్కి పట్టుకుపోయి వేరేచోట వేయించుకున్నారు. వాళ్ళు ఆమెని ఏమీ అనలేదు. అంటే బాగుండేది. వాళ్ళు వెళ్ళాక కోడలు కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ అంది.

"మిషనుకేం లోటండి అత్తయ్యగారూ, కొత్తదే వేయించారు. నా చేతికే వేగం లేదు. మీ డబ్బు దండగ చేశాను."

మీ డబ్బు అంది. అది ఆమె డబ్బు.

ఆ తర్వాత ఫోటోల పనులు ఒప్పుకోలేదు. పనులు తగ్గాయి. ఇంకో రెండేళ్ళకి ఆ కంప్యూటరు పాతసామాన్లవాడికి పోయింది. వాడు అక్కడే మూత విప్పి చూస్తాడేమోనని బండి దగ్గరే తచ్చాడాను. బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, బయటపడ్డాను అనుకున్నాను. బయటపడలేదు. సాక్ష్యం పోయింది, అంతే. మెకానిక్కు కూడా మా గది ఖాళీ చేసి తుని వెళ్ళిపోయాడు. ఎందుకని అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఎందుకు చేశాను? పొదుపు కోసమని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆ డబ్బు ఏమైంది? దేనికీ ఖర్చుపెట్టలేదు. ట్రంకుపెట్టెలో మిగతా డబ్బుతో కలిసిపోయింది. అవసరానికి దాచానా అంటే అదీ లేదు. అసలు సంగతి వేరు. మా ఆయన పేరు చెబితే తెలిసే ఇంటిని జనం డీటీపీ అమ్మాయిగారి ఇల్లు అనడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని వీధి గదిలోకి వెళ్ళేవారు. నాకది గుచ్చుకునేది. గుచ్చుకున్నట్టు నాకే తెలియనివ్వలేదు నేను. ఆమె గెలవకూడదని కోరుకున్నానా? కోరుకోలేదనే అనుకుంటాను. ఆమె ఓడినప్పుడు ఏడ్చానా? ఏడవలేదు. ఈ రెండిటి మధ్యా నా స్థానం ఎక్కడో నాకు తెలియడం లేదు.

ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో కొత్తగా కంప్యూటరు సెంటరు పెడుతున్నాడట. తెలుగు టైపు బాగా వచ్చినవాళ్ళు కావాలట, ఎవరో మా కోడలి పేరు చెప్పారట. మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వెళ్ళమ్మా, వెళ్ళు అని తల్లిని తోసింది. కోడలు నవ్వుతూనే అంది. "లేదండి, నాకు రాదండి. కొత్త ప్రాసెసరు వేయించినా నాకు చేతకాలేదండి. కావాలంటే మా అత్తయ్యగారిని అడగండి, ఆవిడే వేయించారు."

అందరూ నా వైపు చూశారు.

నేను "అవునండి" అన్నాను.

మొదటిసారి అబద్ధం వేరేవాళ్ళచేత చెప్పించాను. ఈసారి నా నోటితోనే చెప్పాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. మనవరాలు, "అమ్మకి ధైర్యం తక్కువ కదా నాన్నమ్మా?" అంది. దానికీ తల ఊపాను.

ఆమెతో చెప్పడానికి వారం నుంచీ ప్రయత్నిస్తున్నాను. పిలుస్తాను. వస్తుంది. ఏంటండి అత్తయ్యగారూ అంటుంది. మజ్జిగ కావాలంటాను. నాకిప్పుడు వండిపెట్టేది, మందులు చేతికిచ్చేది ఆమే. చెబితే ఆ చెయ్యి వెనక్కి పోతుందని భయమా? అది కాదు. చెప్పినా ఆమె అలాగే మజ్జిగ తెచ్చి ఇస్తుందేమోనని భయం. దాన్ని తట్టుకోలేను.

కాగితం మీద పెట్టేసరికి మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.

నా కోడలి చేతుల్లో లోపం లేదు. పాత ముక్కతోనే ఆమె సగానికి పైగా పేజీలు కూర్చింది. ఈ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. తెలియవలసిన మనిషి పక్క గదిలో నా చీరలు మడతపెడుతోంది.